బాబు వైద్యంలో జాప్యం జరిగింది: హోమియో క్లినిక్‌పై పరిహారం కోరవచ్చా?

సందేహం: మా ఏడేళ్ల బాబుకు తరచూ కడుపునొప్పి వస్తుంటే స్కానింగు చేయించాం. పేగుల దగ్గర లింఫు గ్రంథులు వాచాయని తేలింది. కొన్ని వారాలు ఆగి మళ్లీ చూద్దామని పిల్లల డాక్టరు అన్నారు. ఈలోగా బంధువులు చెప్పగా ఒక హోమియో క్లినిక్‌కు వెళ్లాం. వారు పూర్తిగా నయం చేస్తామని హామీ ఇచ్చి ఏడాది ప్యాకేజీ సొమ్ము ముందే కట్టించుకున్నారు, పరీక్షలేవీ అక్కర్లేదన్నారు. బాబుకు జ్వరం వస్తోందని, బరువు తగ్గుతున్నాడని చెప్పినా మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు అన్నారు. ఐదు నెలల తర్వాత పేగు మూసుకుపోయి ఆపరేషన్ అయింది; అది పేగుల క్షయ అని తేలింది. మీరే సంతకం చేసి చేరారు కనుక కేసు చెల్లదని క్లినిక్ వారు అంటున్నారు. ఫీజు వెనక్కి ఇస్తాం, ఒక కాగితంపై సంతకం పెట్టండి అని కూడా అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కేసు చెల్లదన్న మాట సరికాదు. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. పసివారికి వైద్యం చేయించినప్పుడు బిడ్డతో పాటు ఫీజు కట్టిన తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని, ఇద్దరూ పరిహారానికి అర్హులేనని 1998లో చెప్పింది. ఏ వైద్యవిధానాన్ని ఎంచుకోవాలో నిర్ణయించినది మీరే కావచ్చు గాని, ఆ ఎంపికతోనే వైద్యుడి నిర్లక్ష్యాన్ని కూడా మీరు అంగీకరించినట్లు కాదు.

అయితే ఫిర్యాదును ఏ కోణంలో రాస్తారన్నది చాలా ముఖ్యం. హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి ప్రకటించిన మాట నిజమే అయినా, మన దేశంలో అది 2020 నాటి జాతీయ హోమియోపతి కమిషన్ చట్టం గుర్తించిన వైద్యవిధానం. కనుక ఆ వైద్యమే బూటకమన్న వాదనతో మొదలుపెడితే కేసు పక్కదారి పడుతుంది. అదే విధానంలో సామాన్య నైపుణ్యం గల వైద్యుడు ఆ స్థితిలో ఏం చేసి ఉండేవాడన్నదే వినియోగదారుల కమిషన్ చూసే కొలమానం.

ఆ కొలమానంతో చూస్తే మొదటి కొద్ది వారాల విషయంలో మీ పక్షం బలహీనమని ముందే చెప్పాలి. పిల్లల్లో పేగుల దగ్గరి లింఫు గ్రంథులు వాచడం చాలా సందర్భాల్లో వైరస్ వల్ల జరుగుతుంది. ఏ మందూ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల స్కానింగుల్లో కూడా ఈ గ్రంథులు కనిపిస్తాయి గనుక, అడ్డుకొలత 8 మిల్లీమీటర్లు దాటితేనే పెరిగినట్లు లెక్కించే రేడియాలజిస్టులు ఎందరో ఉన్నారు. మీ బలమంతా ఆ తర్వాతి కాలంలో ఉంది. వదలని జ్వరం, బరువు తగ్గడం క్షయను, అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్‌ను అనుమానించి పరీక్షలకు పంపవలసిన లక్షణాలు. వాటిని విని కూడా, పరీక్షలు అక్కర్లేదని ధైర్యం చెప్పి, ఆస్పత్రికి పంపకుండా కూర్చోబెట్టడమే మీరు రుజువు చేయవలసిన నిర్లక్ష్యం. కాబట్టి ఆ లక్షణాలను వారికి ఏ తేదీన తెలిపారో చూపే వాట్సాప్ సందేశాలు, ప్రిస్క్రిప్షన్లు, బరువు నమోదైన చీటీలు మీ కేసుకు ప్రాణం.

ఎదుటి పక్షం గట్టిగా పట్టుకునేది మరో అంశాన్ని. ముందే కనుక్కున్నా ఆపరేషన్ తప్పేది కాదని వారు వాదిస్తారు. దీనికి మీ మాట చాలదు. సకాలంలో క్షయ మందులు మొదలై ఉంటే పేగు మూసుకుపోయే అవకాశం ఎంత తగ్గేదో ఆపరేషన్ చేసిన సర్జన్ చేత రాతపూర్వకంగా చెప్పించండి. ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2010లో అన్నమాట నిజమే గాని, ఇలాంటి కేసులో ఆ తీర్పును నమ్ముకుని నిపుణుడి అభిప్రాయం లేకుండా వెళ్లమని నేను సలహా ఇవ్వను.

పూర్తిగా నయం చేస్తామన్న హామీ కరపత్రంలోనో ప్రకటనలోనో ఉంటే దాన్ని భద్రపరచండి. అపెండిసైటిస్, క్షయ, క్యాన్సర్ వంటి జబ్బులను మందుతో నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధిస్తుంది. మీ చేతిలోని ప్రకటన ఏ జబ్బు పేరు చెప్పిందన్నదాన్ని బట్టి అది వర్తిస్తుంది. మిగిలిన మందులను కూడా పారేయవద్దు. వాటిలో అల్లోపతి మందు కలిసినట్లు తేలితే కేసు స్వరూపమే మారిపోతుంది. హోమియో వైద్యుడు తనకు అర్హత లేని అల్లోపతి మందులు వాడడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో తీర్పు చెప్పింది.

ఫిర్యాదును మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, బాబు తరఫున సంరక్షకులుగానూ మీ సొంత హోదాలోనూ కలిపి వేయవచ్చు. కమిషన్ పరిధిని మీరు కట్టిన ఫీజును బట్టి నిర్ణయిస్తారు గాని కోరే పరిహారాన్ని బట్టి కాదు; ఆ ఫీజు 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే, 5 లక్షల లోపైతే కోర్టు రుసుము కూడా ఉండదు. గడువు రెండేళ్లు. క్షయ అని తెలిసిన రోజు నుంచి దాన్ని లెక్కించాలని వాదించవచ్చు గాని, ఆ వాదన అవసరం రాకుండా ముందే దాఖలు చేయడం మేలు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. రాష్ట్ర హోమియో బోర్డుకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ క్రమశిక్షణ చర్యే గాని పరిహారం రాదు. పోలీసు కేసుకు తొందరపడవద్దు, దానికి చాలా తీవ్రమైన నిర్లక్ష్యం చూపవలసి ఉంటుంది.

ఇక క్లినిక్ వారు ఇస్తామంటున్న సొమ్ము సంగతి. వారు రాసి తెచ్చిన కాగితంపై, ముఖ్యంగా పూర్తి పరిష్కారమనో ఇకపై ఏ హక్కూ కోరమనో ఉంటే, సంతకం చేయవద్దు. మైనరు పేరిట కోర్టులో నడిచే దావాను కోర్టు అనుమతి లేకుండా రాజీ చేసుకునే అధికారం తల్లిదండ్రులకైనా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇవ్వలేదు. కమిషన్ ముందు కూడా బాబు హక్కు గురించి ఈ వాదన చేయవచ్చు గాని, మీ సొంత హక్కు మాత్రం ఆ సంతకంతో పోయే ప్రమాదం ఉంది. డబ్బు అవసరమై తీసుకోవలసి వస్తే, ఫీజు వాపసు కింద మాత్రమే, పరిహారం కోరే హక్కులకు భంగం లేకుండా స్వీకరించామని మీరే రసీదు రాసి, సొమ్మును బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి.