యంత్రాలు దక్కాయి, రసాయనాలు దక్కలేదు

ప్రశ్న: మా పెదనాన్న మస్కట్ నుంచి ఎప్పుడో తెచ్చిన, తీసిన ఫొటోను అక్కడికక్కడే చేతికిచ్చే పోలరాయిడ్ 600 కెమెరా అటక మీద దొరికింది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పాడైపోయిందా? దాని ఫిల్మ్ తయారీ ఆపేశారని కొందరు, దొరుకుతోందని కొందరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తొందరపడి పాత సామాన్ల వాడికి ఇచ్చేయకండమ్మా. ఆ కెమెరాకు సొంత బ్యాటరీ ఉండదు, ఫిల్మ్ ప్యాక్ అడుగునే పలకలా అమర్చి వస్తుంది. ప్యాక్ లేకపోతే కెమెరా పలకదు.

ఇక మీరు విన్న రెండు మాటలూ నిజమే. 2008 ఫిబ్రవరిలో పోలరాయిడ్ ఈ ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడే ఫ్యాక్టరీలో యంత్రాలు తుక్కు కిందికి పోవాల్సింది. ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసిన ఆండ్రే బోస్మన్, ఈ ఫిల్మ్ అంటే పిచ్చి ఉన్న ఆస్ట్రియా మనిషి ఫ్లోరియన్ కాప్స్ మరికొందరితో కలిసి వాటిని కొన్నారు. ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. పేరు ఊరికే పెట్టలేదు. యంత్రాలైతే దక్కాయి గానీ, ఫిల్మ్‌కు కావలసిన రసాయనాలు చాలావరకు బజారులోనే లేవు. ఫార్ములా మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

2010 మార్చిలో బ్లాక్ అండ్ వైట్ వచ్చింది. మా మేనల్లుడు జర్మనీ నుంచి ఒక ప్యాక్ తెచ్చాడు. పాత ప్యాక్‌లో 10 ఫొటోలు, ఇందులో 8. పాత ఫిల్మ్ అయితే కెమెరాలోంచి బయటికి రాగానే వెలుతురు సోకకుండా తనను తానే కాపాడుకునేది. కొత్తదానికి ఆ శక్తి లేదు, వెంటనే చీకట్లో దాచాలి. నేను పాత అలవాటు కొద్దీ మిట్టమధ్యాహ్నం తులసికోట దగ్గర మా ఆవిడను తీసి, చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. తెల్లటి పొగలో చీర అంచు మాత్రం మిగిలింది. "నేనింకా బతికే ఉన్నానండీ" అంది.

ఇప్పుడు అంత ఇబ్బంది లేదు. 2017లో పోలరాయిడ్ పేరు కూడా ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ వాళ్ల చేతికే వచ్చింది. అయినా ఫొటో రాగానే బోర్లా పెట్టండి, విసనకర్రలా ఊపకండి. కలర్ అయితే పావుగంట ఆగాలి.

కొనేటప్పుడు డబ్బా మీద 600 అని ఉందో లేదో చూసుకోండి. ఐ-టైప్ అని అచ్చం ఇలాగే ఉండే ఇంకో రకం ఉంది, అందులో బ్యాటరీ ఉండదు. ప్యాక్‌ను ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. 28 డిగ్రీలు దాటితే రంగులు తేడా చేస్తాయి. తణుకు ఎండల్లో ఫిల్మ్ తగలేయకండి, సంక్రాంతికి తీయండి.