మ్యాచ్‌లో చెయ్యి నెమ్మదిస్తే: సాఫ్ట్‌బాల్ పిచింగ్

మీ పాప ప్రాక్టీసులో పదికి ఎనిమిది స్ట్రైకులు (బ్యాటర్ కొట్టగలిగే పరిధిలోకి వచ్చే బంతులు) వేస్తుంది, మ్యాచ్‌లో బ్యాటర్ నిలబడగానే బంతి తల మీదుగా పోతుంది అన్నారు. టెక్నిక్ పాడైపోలేదండి. స్ట్రైక్ వెయ్యాలన్న ఆత్రంలో గురి చూసి వేస్తోంది. అప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది, బంతి తుంటి దగ్గర వదలాల్సింది ఆలస్యంగా వదులుతుంది, అందుకే పైకి లేస్తుంది. ఒక మ్యాచ్ పక్కనుంచి వీడియో తీసి ప్రాక్టీసు వీడియోతో పోల్చండి. అడుగు పొట్టిదైందా, ముంజేయి ఎప్పటిలా తుంటికి రాసుకుంటోందా అన్నవి చూస్తే చాలు.

అసలు లోపం ప్రాక్టీసులోనే ఉంది. ఒకే పిచ్ (ఒకే రకం బంతి) వరసగా 40 సార్లు వేస్తే చెయ్యి లయలో పడుతుంది, కానీ మ్యాచ్‌లో ఆ లయ దొరకదు. మొదటి 15 బంతులు టెక్నిక్‌కి వదిలేయండి. తర్వాత హెల్మెట్ పెట్టుకున్న ఒకరిని బ్యాటర్ స్థానంలో నిలబెట్టి (బ్యాట్ ఊపకూడదు), కౌంట్ చెప్పి వేయించండి: 3-1 (పరిధి తప్పిన బంతులు మూడు, స్ట్రైక్ ఒకటి), రెండో బేస్‌లో రన్నర్. ప్రతి బంతికీ అది పడాల్సిన చోటు మారాలి, మధ్యలో 15 సెకన్ల విరామం ఉండాలి. విసుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

ప్రతి పిచ్‌కి ముందు ఒకే క్రమం: పిచర్ ప్లేట్ (పిచర్ కాలు పెట్టే పలక) వెనక నిలబడి ఊపిరి వదలడం, క్యాచర్ సిగ్నల్ చూడడం, బంతి పట్టు, మనసులో ఒక్క మాట. ఆ మాట "వేగంగా" అయితే మంచిది, "స్ట్రైక్" మాత్రం వద్దు. గ్యాలరీ నుంచి మీరు "మోచెయ్యి!" అని అరవడం కూడా ఆపాలి మరి.