బోనులో ఏమీ పడకపోతే మా కాలువలో మింక్‌లు లేనట్టేనా?

మీరు అడిగింది ఇది కదా: తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో మీ ఇంటి వెనక పారే చిన్న నదిలో అక్కడి వలంటీర్ల బృందం మింక్ బోను పెట్టిన తెప్ప ఒకటి కట్టి, చూసుకునే పని మీకు అప్పజెప్పింది. నెలలు గడిచాయి, ఒక్కటీ పడలేదు. స్కాట్లండ్ పడమటి తీరంలో ఉన్న మీ ఫ్రెండ్‌కి మాత్రం తరచుగా పడుతున్నాయట. తేడా మింక్‌లలో ఉందా, బోనులో ఉందా, లేక మీరు చేసే పనిలోనా?

నేను మీ పక్క కౌంటీ నార్ఫోక్‌లో ఉంటాను, కొన్నేళ్లుగా ఇలాంటి తెప్పే చూసుకుంటున్నాను. అంతకుముందు ఉద్యోగం అబర్డీన్ దగ్గర ఉన్నప్పుడు అక్కడి వలంటీర్ల వెంట కూడా తిరిగాను. రెండు చోట్లా చూశాక నాకు తోచిన మాట చెప్తాను. మీకు పడకపోవడం చాలావరకు శుభవార్తే. మీ ఫ్రెండ్‌కి పడుతున్నాయంటే అందులో ఆయన చేతివాటం కన్నా ఆ తీరం మహిమే ఎక్కువ.

మింక్ అంటే ఏమిటో తెలియని వాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. 2020లో కోవిడ్ భయంతో డెన్మార్క్‌లో ఫారాల్లోని కోటిన్నరకు పైగా జంతువుల్ని చంపేశారని వార్తల్లో వచ్చింది, గుర్తుందా, ఆ జంతువే ఇది. మన ముంగిసకి ముదురు చాక్లెట్ రంగు బొచ్చు కప్పి, నీళ్లలో ఈదడం నేర్పితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పుట్టిల్లు ఉత్తర అమెరికా. బొచ్చు కోసం 1929లో బ్రిటన్ ఫారాలకి తెచ్చారు. తప్పించుకున్నవి కొన్ని, వదిలేసినవి కొన్ని. 1956లో డెవన్‌లోని టీన్ నది మీద అడవిలోనే పిల్లల్ని పెడుతున్నట్టు తేలింది. బొచ్చు ఫారాల్ని చట్టం చేసి మూయించేసరికి 2000 దాటింది, అప్పటికి దేశం చాలావరకు పాకేశాయి. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నది వాటర్ వోల్ అనే నీటి ఎలుక. మిగతా శత్రువులు వస్తే అది ఒడ్డు కింద బొరియలో దూరి బతికిపోయేది. ఆడ మింక్ సన్నగా ఉంటుంది, ఆ బొరియలోకే దూరిపోతుంది. ఇక ఎక్కడికి పోతుంది పాపం!

ఇప్పుడు అసలు విషయం. బోనులో ఎన్ని పడ్డాయన్న లెక్కలో మూడు విషయాలు కలిసిపోయి ఉంటాయి. చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయి, ఉన్నవాటిలో ఎన్ని మీ బోను పక్కగా నడుస్తాయి, నడిచినవాటిలో ఎన్ని లోపలికి తల పెడతాయి. అందరం మొదటిదాని గురించే ఆలోచిస్తాం. ప్రాంతాల మధ్య కనిపించే తేడాలో సగం పైగా మిగతా రెండిట్లోనే ఉంటుందని నా నమ్మకం.

మీ ఫ్రెండ్ ఉన్న తీరం సంగతి చూడండి. రాతి ఒడ్డు. పోటు దిగాక రాళ్ల మధ్య గుంటల్లో పీతలు, చిన్న చేపలు ఉండిపోతాయి. రోజుకి రెండుసార్లు వడ్డించిన విస్తరి అది. తిండి అంత దగ్గరగా దొరికితే ఒక్కో మింక్‌కి చిన్న ముక్క తీరం సరిపోతుంది, అందుకే అక్కడ అవి ఒత్తుగా ఉంటాయి. లోతట్టు నదిలో ఒక్కో మింక్ కిలోమీటర్ల పొడుగు ఒడ్డు తనదిగా పెట్టుకుంటుంది. మగదైతే ఇంకా ఎక్కువ, ఒకే మగదాని హద్దులో రెండు మూడు ఆడవాటి హద్దులు ఇమిడిపోతాయి. కాబట్టి తీరంలో ఒక బోను ముందుగా నాలుగు మింక్‌లు తిరిగే కాలంలో, మీ నదిలో ఒక్కటి తిరిగితే గొప్ప. ఆయనకి ఎక్కువ పడటంలో వింతేమీ లేదు. పైగా అక్కడ ఖాళీ అయిన చోటు ఊరికే ఉండదు, పక్కనుంచి ఇంకోటి వచ్చి చేరుతుంది.

స్కాట్లండ్ పడమటి హెబ్రిడీస్ దీవుల్లో మింక్‌ల్ని పట్టి ఏరివేసే ఈ పని 2001 నుంచీ నడుస్తోంది. లూయిస్, హారిస్ దీవుల్లో తీరం అంతా వంకరటింకర, లోపల లెక్కలేనన్ని చెరువులు. అలాంటి చోట తెప్ప పనికిరాదు. పోటుపాట్లకి అది నిలవదు. బోనుని రాళ్ల సందులో, వాగు సముద్రంలో కలిసే చోట, పైన రాళ్లూ పచ్చికపెళ్లలూ కప్పి పెడతారు. పని ఎన్నేళ్లు సాగుతోందో చూస్తేనే ఆ నేల ఎంత మొండిదో తెలుస్తుంది.

అబర్డీన్ వైపు కొండలు మళ్లీ వేరే కథ. అక్కడ తిండి పలుచన, మింక్‌లూ పలుచనే. కెయిర్న్‌గోర్మ్స్ అనే ఆ కొండల చుట్టూ 10,000 చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద వలంటీర్లే తెప్పలు చూసుకుంటూ మింక్‌ల్ని తోసుకుంటూ వచ్చారు. గేమ్‌కీపర్లు (వేట భూముల కాపలాదార్లు), చేపల కాపలాదార్లు, పదవీ విరమణ చేసిన టీచర్లు, నాలాంటి వాళ్లు. కొండ నుంచి దిగే నదికి వాన పడితే ఒళ్లు తెలియదు. ఒక చలికాలం వరదకి మా తెప్ప తాడు తెంచుకుని పోయింది. కింద ఆల్డర్ చెట్టు వేళ్లలో తలకిందులుగా దొరికింది. గడ్డకట్టే రోజుల్లోనైతే తెప్ప ఉన్నా లేనట్టే. అక్కడ నెలల తరబడి సున్నా వస్తే, మింక్ లేదని కాదు, ఆ నెలల్లో బోను పనిలోనే లేదని అర్థం. రెండు సున్నాలూ కాగితం మీద ఒక్కలాగే కనిపిస్తాయి, అదే చిక్కు.

ఆ కొండల్లో పడేవాటిలో చాలా వరకు ఆ లోయలో పుట్టినవి కావు. ఆగస్టు నుంచి పిల్లలు తల్లిని వదిలి సొంత చోటు వెతుక్కుంటూ బయల్దేరతాయి. పదుల కిలోమీటర్లు పోవడం వాటికి మామూలే. స్కాట్లండ్‌లో డీఎన్ఏతో బంధుత్వాలు కట్టి చూస్తే 80 కిలోమీటర్లు దాటి వచ్చినవీ ఉన్నాయని తేలింది. అందుకే ఒక ఊరివాళ్లు ఎంత బాగా పట్టినా పక్క లోయలో ఎవరూ పట్టకపోతే, శరదృతువు వచ్చేసరికి లెక్క మొదటికొస్తుంది.

ఇక మన తూర్పు ఇంగ్లండ్. ఇక్కడ నేల బల్లపరుపు. నీళ్లు నిదానంగా, గీత గీసినట్టు కాలువల్లో పోతాయి. (మాది అమలాపురం దగ్గర ఊరు, ఈ డ్రెయిన్లు, లాకులు చూసినప్పుడల్లా మా కోనసీమ కాలువల మీద ఎవరో స్వెట్టర్ కప్పారనిపిస్తుంది.) మింక్ ఒడ్డు వెంటే నడిచే జంతువు కాబట్టి, నీళ్లు ఒకే గీతలో ఉంటే అది మీ తెప్ప దగ్గరికి రాక తప్పదు. నార్ఫోక్ బ్రాడ్స్ లాంటి రెల్లు బీళ్లు మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ గీతంటూ లేదు, ఎటైనా పోవచ్చు. పైగా నార్ఫోక్, సఫోక్‌లకి రెండు వైపులా సముద్రం. కొత్తవి వచ్చేది పడమటి నుంచీ దక్షిణం నుంచీ మాత్రమే.

అయినా ఎన్నో ఏళ్లు ఇక్కడా లెక్కలు తెగలేదు. పాత పద్ధతిలో బోను తెరిచిపెడితే కనీసం 24 గంటలకోసారి వెళ్లి చూడాలి. ఉద్యోగాలు చేసుకునే వాళ్లకి అది అయ్యే పని కాదు, అందుకే బోన్లు చాలా రోజులు మూసే ఉండేవి. గత కొన్నేళ్లలో రెండు మార్పులొచ్చాయి. ఒకటి, బోను తలుపు పడగానే ఫోన్‌కి మెసేజ్ పంపే చిన్న పెట్టె. దాంతో ఒకే మనిషి చూసుకునే బోను ఏడాది పొడుగునా తెరిచి ఉంటోంది. రెండోది వాసన. చేప ముక్కలు ఎరగా వేయడం తగ్గించి, ఇదివరకు పట్టిన మింక్‌ల వాసన గ్రంథుల నుంచి తీసిన ద్రవం వాడుతున్నారు. తన హద్దులో ఇంకెవరో తిరుగుతున్నారని తెలిస్తే ఏ మింక్ ఊరుకుంటుంది? లోపలికి తొంగి చూస్తుంది. ఈ రెండూ కలిశాక నార్ఫోక్, సఫోక్‌ల్లో 2022 నాటికి మింక్‌లు పిల్లలు పెట్టిన ఆనవాళ్లే దొరకని స్థితికి వచ్చాయి. పని తర్వాత చుట్టుపక్కల కౌంటీలకీ విస్తరించింది. మీ తెప్ప ఈ కథలో చివరి పుటల్లో చేరింది. మీకు పట్టడానికి మిగల్చలేదు మరి!

అయితే మీది మంచి సున్నానా, ఉత్తుత్తి సున్నానా అన్నది తేల్చుకోవచ్చు. మీ తెప్ప మీద బోనుని కప్పే సొరంగం కింద బంకమట్టి పెట్టె ఉందా? ఉంటే అదే మీకు అసలు సాక్షి. బంకమట్టి, ఇసుక కలిపి నున్నగా పూస్తారు, కింద ఉన్న స్పాంజి నీళ్లు పీల్చి దాన్ని తడిగా ఉంచుతుంది. తాపీతో సాపు చేసి వచ్చి, వారం పది రోజుల తర్వాత చూస్తే ఎవరెవరు వచ్చారో మొత్తం రాసి ఉంటుంది. నీటికోడి పాదం బాణం గుర్తులా పొడుగ్గా పడుతుంది. ఎలుకలవి చిన్న చిన్న చుక్కల్లా. మింక్ అడుగు రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది, ఐదు వేళ్లు నక్షత్రంలా విచ్చుకుని, ఒక్కో వేలి ముందు గోరు గుచ్చిన సన్నటి గాటు ఉంటుంది. నీటికుక్కది కూడా ఐదు వేళ్లే గానీ చాలా పెద్దది, తెప్ప చివర రెట్ట వేసి పోతుంది. మట్టి తడిగా ఉండి, నీటికోళ్లూ ఎలుకలూ తిరిగిన గుర్తులున్నాయి, మింక్ గుర్తు లేదు అంటే నమ్మండి, లేదు. మట్టి ఎండి పగిలిపోయి ఉంటే, లేదా ఒక్క జీవి గుర్తూ లేకపోతే ఆ సున్నాని నమ్మకండి.

కాలం కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి, మార్చి జత కట్టే రోజులు, మగవి ఆడవాటి కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతాయి. అప్పుడు పడేవాటిలో మగవే ఎక్కువ. ఏప్రిల్ చివర, మే నెలల్లో పిల్లలు పుడతాయి, తల్లి గూడు వదిలి దూరం పోదు, బోన్లు ఖాళీగా ఉంటాయి. ఆగస్టు నుంచి మళ్లీ సందడి. మీ ఫ్రెండ్ లెక్క అక్టోబరుది, మీ లెక్క జూన్‌ది అయితే ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టడమే తప్పు. నన్నడిగితే ఫిబ్రవరిలో పడిన ఒక్క ఆడ మింక్ అక్టోబరులో పడిన నాలుగు పిల్ల మగవాటి కన్నా విలువైనది. దాంతో ఆ ఏటి ఈతే ఆగిపోతుంది.

నీటికుక్కల సంగతీ ఒక మాట. ఇంగ్లండ్ నదుల్లోకి అవి తిరిగొచ్చాక కొన్ని చోట్ల మింక్‌లు రాత్రి మానేసి పగలు తిరగడం మొదలెట్టాయి. అందుకే నీటికుక్కలున్న చోట పగటిపూట మింక్ కనబడితే సంఖ్య పెరిగిందనుకోకండి. బోను నోటికి నీటికుక్క దూరకుండా అడ్డు ఉండాలి, మీది ఒకసారి చూసుకోండి.

అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లు పంపే అంకెల్ని దీనితో కలపొద్దు. అక్కడ అది సొంత జంతువు, లైసెన్సు తీసుకుని సీజన్లో బొచ్చు కోసం పడతారు. బొచ్చు ధర పడిపోతే పట్టేవాళ్లు తగ్గుతారు, చెరువులు ముందే గడ్డకడితే సీజనే కుంచించుకుపోతుంది. మింక్‌లు ఎన్ని ఉన్నాయో వాటికేం సంబంధం? అయితే కెనడాలో బొచ్చు వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ ఖాతాలు దశాబ్దాల తరబడి ఉన్నాయి కాబట్టి ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. పడమటి వైపు మింక్‌లు తినే మస్క్‌రాట్ అనే నీటి జంతువు పెరిగితే వెనకే మింక్ పెరిగేది, అది తగ్గితే ఇదీ తగ్గేది. తూర్పుకి వెళ్లేకొద్దీ ఆ ముడి సడలిపోయింది. ఒకే జంతువు, ఒకే దేశం, తిండి బట్టి నడక మారిపోయింది.

మా అమ్మ ఫోన్‌లో అడిగే ప్రశ్న మీకూ ఎదురవుతుంది: "జీవహింస కాదూ?" అవును, హింసే. నా బోనులో పడ్డప్పుడు దగ్గరగా చూశాను. గడ్డం కింద తెల్లటి మచ్చ, తడి బొచ్చు, ముక్కు పగిలే కంపు, కీచుమని ఒకటే అరుపు. భయంతో కాదు, కోపంతో. కానీ పట్టినదాన్ని మళ్లీ వదలడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. తర్ఫీదు ఉన్న మనిషి వచ్చి ఎయిర్ పిస్టల్‌తో ఒక్క క్షణంలో ముగిస్తాడు. ఆ పని నేను చెయ్యను, మిమ్మల్నీ చెయ్యమని ఎవరూ అనరు. ఆ తర్వాత ఒక వేసవిలో మా కాలువ ఒడ్డున వాటర్ వోల్ కొరికి పారేసిన గడ్డి కాడలు కనిపించాయి, ఏటవాలుగా కత్తిరించినట్టు, కుప్పగా. అమ్మకి ఆ ఫోటో పంపాను. ఆవిడ ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

మీరు చేయవలసింది కొంచెమే. బోను మీది ఫోన్ పెట్టె రోజూ పంపే "పనిచేస్తున్నాను" మెసేజ్ వస్తోందో లేదో చూడండి, రాకపోతే అదే రోజు వెళ్లండి. వాసన ద్రవం ఎప్పుడు మార్చారో బృందాన్ని అడగండి. తెప్ప నది మధ్య తిన్నటి భాగంలో ఉంటే, చిన్న డ్రెయిన్ వచ్చి కలిసే మూలకో, వంతెన కిందికో జరపమనండి. మింక్‌లు అలాంటి చోట ఆగి చూసుకుంటాయి. బోను ముట్టుకునేటప్పుడు చేతికి గ్లోవ్స్ వేసుకోండి, ఇంటికొచ్చాక సబ్బుతో కడుక్కోండి. ఎలుకలు తిరిగే తెప్ప అది, మనం ఎలుక జ్వరం అంటామే, అది ఇక్కడా ఉంది.