జపమాలలో తగ్గిన పూస

ప్రియమైన తమ్ముడికి,

పోయిన నాన్నగారి జ్ఞాపకార్థం నువ్వు రాసి పంపిన ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. ‘భక్తిపరుడు’ అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది, ‘ఆదర్శమూర్తి’ నాలుగు చోట్ల. అవన్నీ కొట్టేసి మళ్లీ చదువు, ఏమీ పోలేదని నీకే తెలుస్తుంది. పోకూడనిది మాత్రం ఒకటుంది. ఆయన జపమాల మూడో పది (పది పూసల మూడో వరస) దగ్గర తెగితే రాగి తీగతో ముడివేసుకున్నారని నాలుగో పేజీలో ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

ఆ జపమాలను బల్ల మీద పెట్టుకుని పూసలు లెక్కపెట్టు. మామూలుగా 59 ఉంటాయి: మరియమ్మకు చెప్పే మంగళవార్త జపానికి 53, ‘పరలోకమందున్న మా తండ్రీ’ అనే పరలోక జపానికి 6. తీగ వేసినచోట ఒకటి తగ్గిందా? తగ్గితే లేని పూసకు కూడా ఆయన జపం చెప్పుకునేవారా, లేక తొమ్మిదితోనే ముందుకు వెళ్లేవారా? పక్కన కూర్చుని ఏళ్లతరబడి జపానికి జవాబు చెప్పిన అమ్మకు తెలిసి ఉంటుంది, అడుగు. కొత్త జపమాల కొనిస్తామంటే ఎందుకు వద్దన్నారో కూడా అడుగు. ఆ తర్వాత ఆయన ప్రార్థన పుస్తకం తీసి, దానంతట అదే ఏ పేజీ దగ్గర తెరుచుకుంటుందో చూడు. బొటనవేలి మరక ఎక్కడుంది, మధ్యలో ఎవరి జ్ఞాపకార్థ కార్డు దాచుకున్నారు? ఇవి రాస్తే ఆయన ఎలాంటి భక్తుడో వేరే చెప్పనక్కర్లేదు.

సువార్తల్లో మరియమ్మ భర్త జోజప్పగారు ఒక్క మాట కూడా మాట్లాడరు, గమనించావా? లేచాడు, బిడ్డనూ తల్లినీ తీసుకున్నాడు, రాత్రికి రాత్రి బయలుదేరాడు: మత్తయి ఇచ్చినవి క్రియలే. కుటుంబపెద్ద గురించి రాసేవాడికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు. నీ పేజీల్లో విశేషణాలు ఎన్ని, క్రియలు ఎన్ని? ఒకసారి గీతలు పెట్టి చూసుకో.

భక్తికి ఆయన చెల్లించిన మూల్యం కూడా కనిపించాలి. లూయీ మార్టిన్ అనే ఫ్రెంచి గడియారాల పనివాణ్ని, ఆయన భార్య జేలీతో కలిపి 2015లో పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించారు. ఆదివారం ఆయన దుకాణం తెరిచేవాడు కాదన్న ఒక్క సంగతి ఎన్ని పొగడ్తలకు సమానమో చూడు. నాన్నగారు దేన్ని వదులుకున్నారు? నిద్రనా, అదనపు పని డబ్బునా, తోడబుట్టినవాడి మీద పంతాన్నా?

ఇక తేదీలు. ఇంట్లో చెప్పేవాటిని నమ్మకు. పుట్టినరోజునూ జ్ఞానస్నానం రోజునూ కలిపేయడం అందరూ చేసే పొరపాటే. జ్ఞానస్నానం పొందిన విచారణ (పారిష్) గుడికి వెళ్లి రిజిస్టరు నకలు కొత్తగా తీయించు. భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), వివాహం వంటివి అదే నమోదులో చేర్చాలని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 535వ నియమం చెబుతుంది కాబట్టి ఒక్క కాగితంతో సగం జీవితం తేలుతుంది. పాత నకలైతే ఆ తర్వాతవి అందులో ఉండవు. పేరు అక్షరాలు కూడా రిజిస్టరులో ఉన్నట్టే ఒకచోట రాసిపెట్టుకో.

కాలం తప్పులు ఇంకా ప్రమాదం. ఆయన చిన్నప్పుడు ఇంట్లో గురువారం జపమాలలో వెలుగు దేవరహస్యాలు (యేసు బహిరంగ జీవితంలోని అయిదు ఘట్టాలు) ధ్యానించేవారని రాశావు. ఆ అయిదు రహస్యాలనూ రెండో జాన్‌పాల్ పాపుగారు (పోపు) చేర్చింది 2002లో. అలాగే పూజలో సత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) తీసుకునే ముందు ఉపవాసం గంటకు తగ్గింది 1964లో. 1957 నుంచి అప్పటిదాకా మూడు గంటలు, అంతకుముందు మామూలుగా అర్ధరాత్రి నుంచే, 1953కు ముందైతే మంచినీళ్లు కూడా లేవు. పొద్దున పూజకు ఖాళీ కడుపుతో నడిచిన పిల్లవాడి గురించి రాయాలంటే ఏ సంవత్సరమో చూసుకో. ముసలి చదువరులు ఇలాంటి ఒక్క తప్పు పట్టుకుంటే మిగతాదంతా అనుమానంగా చదువుతారు.

విశ్వాసం విషయంలోనూ కొన్ని వాక్యాలు మార్చాలి. ‘నాన్న ఇప్పుడు దేవదూత’ అన్నావు. కతోలిక బోధ ప్రకారం మనిషి చనిపోయి దేవదూత కాడు. ‘పునీతుడు’ అని కూడా నీ అంతట నువ్వు రాయకు, అది శ్రీసభ విచారించి ప్రకటించే మాట. ఆత్మశాంతి కోసం పూజ చెప్పించి, వ్యాసంలో నేరుగా స్వర్గంలో కూర్చోబెడితే రెండూ పొసగవు. ‘ఆయన కోసం ప్రార్థించండి’ అను, చాలు. అవస్థ అభ్యంగనాన్ని (జబ్బుపడ్డవారికి నూనె పూసి చేసే ప్రార్థనను) చావు గడియకే పరిమితం చేసినట్టు రాశావు. 1972 సంస్కరణ తర్వాత ప్రమాదకరమైన జబ్బులో ఎవరికైనా ఇస్తారు, మళ్లీ జబ్బుపడితే మళ్లీ ఇస్తారు. మరణం ముంగిట ఇచ్చేది చివరి సత్ప్రసాదం. ఆయన ఏది ఎప్పుడు అందుకున్నారో గుడి గురువుగారిని అడగొచ్చు. గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఏం చెప్పారన్నది మాత్రం సరదాకైనా అడగకు.

ఇదే గుడిలో చదువుదామనుకుంటున్నావేమో, కుదరదు. అంత్యక్రియల పూజలో గురువు ప్రసంగం పొగడ్తల ఉపన్యాసంగా మారకూడదని పూజాగ్రంథపు నియమావళి 382వ అంశం అంటుంది. కుటుంబం తరఫున ఒకరు, సత్ప్రసాదం తర్వాతి ప్రార్థన అయ్యాక, చివరి వీడ్కోలుకు ముందు, క్లుప్తంగా మాట్లాడవచ్చు, అదీ గురువుగారు ఒప్పుకుంటే. మూడు నిమిషాలు అనుకో. నిదానంగా చదివితే 250 మాటలకు మించదు, గొంతు పూడుకుపోతే ఇంకా తక్కువ. ఆ జపమాల ముచ్చట ఒక్కటే తీసుకో. మిగతాది ముందురోజు రాత్రి జాగరణ ప్రార్థన దగ్గర చెప్పు, అక్కడ జ్ఞాపకాలకు చోటు ఎక్కువ. ఆరు పేజీల వ్యాసం తర్వాత, తీరిగ్గా.

ఆయన కోపం గురించి ఒక్క ముక్క లేదేం? ఆరు పేజీల్లో ఒక్కసారి కూడా కోప్పడని మనిషిని ఇంట్లోవాళ్లే గుర్తుపట్టరు. అమ్మనూ తోబుట్టువులనూ ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి అడుగు. అందరూ ఒకచోట ఉంటే మొదట మాట్లాడినవాళ్ల కథే అందరి కథ అయిపోతుంది. ‘నాన్న ఎలాంటివారు’ అనకు, జవాబుగా విశేషణాలే వస్తాయి. ‘ఆదివారం పొద్దున పూజకు ఆలస్యమైతే ఏం చేసేవారు?’ అను. తిట్టి, సాయంత్రం దగ్గరికి తీసుకున్నారా, లేక మాట్లాడకుండా చెప్పులు తుడిచి పెట్టారా? గుడికి రావడం మానేసిన తోబుట్టువు ఉంటే వాళ్ల మాటే ముందు విను. నాన్నగారి మంచితనం పెరగాలని వాళ్లను చిన్నబుచ్చే వాక్యం మాత్రం రాయొద్దు. ఆయన గుట్టుగా డబ్బు సాయం చేసినవాళ్ల పేర్లు కూడా వాళ్లను అడగకుండా బయటపెట్టకు. కుడిచేతి సంగతి ఎడమచేతికి తెలియనివ్వని మనిషి ఆయన, నువ్వు ఊరంతా చాటితే ఎలా?

తిరగరాశాక నాకు పంపే ముందు అమ్మకు పైకి చదివి వినిపించు. ‘అలా కాదురా’ అని ఆవిడ అన్నచోటల్లా పెన్సిలుతో గీత పెట్టి, ఆ గీతలతో సహా పంపించు.

ఇట్లు,
మీ అన్నయ్య