ఇంగ్లండ్‌లో డెక్కింగ్‌కి పర్మిషన్: చిక్కంతా ఎత్తుతోనే

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాం, వెనక గార్డెన్‌లో డెక్కింగ్ (చెక్క పలకలతో కట్టే అరుగులాంటిది) వేయించాలంటే కౌన్సిల్ పర్మిషన్ కావాలా అని అడిగారు. చాలావరకు అక్కర్లేదండీ. కానీ ఎత్తు నేల నుంచి 30 సెంటీమీటర్లు దాటకూడదు. డెక్కింగ్, షెడ్లు, ఎక్స్‌టెన్షన్లు అన్నీ కలిపి అసలు ఇల్లు పోగా మిగిలిన స్థలంలో సగం మించకూడదు. ఈ సగం లెక్కతో మామూలుగా ఇబ్బంది రాదు. కొంప ముంచేది ఆ 30 సెంటీమీటర్లే.

మా వెనక గుమ్మం నేలకి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, మెట్టు దిగే పని లేకుండా గడపకి సమానంగా వేయించాను. బిల్డర్‌ని అడిగితే "ఏం పర్వాలేదు" అన్నాడు. నెల తిరక్కుండానే కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. డెక్ మీద నిలబడితే పక్కింటివాళ్ల వంటిల్లంతా కనిపిస్తోందని వాళ్లు ఫిర్యాదు చేశారు. నిజమే, నాకూ కనిపించేది! ఉత్తరం మాత్రం నా పేరు మీదే వచ్చింది, బిల్డర్ పేరు మీద కాదు. కట్టేశాక కూడా అప్లికేషన్ పెట్టుకోవచ్చు గానీ, ఒప్పుకుంటారన్న నమ్మకం లేక అంతా విప్పించి 28 సెంటీమీటర్లకి దించాను. అమ్మకి ఒక మెట్టు, పట్టుకోడానికి ఒక రెయిలింగ్ పెట్టించాను.

విప్పినప్పుడు ఇంకోటి బయటపడింది. ఫ్లోర్ కిందికి గాలి వెళ్లే ఎయిర్ బ్రిక్స్‌ని (కన్నాలున్న ఇటుకలు) ఆ బిల్డర్ మహానుభావుడు మూసేశాడు. మీరు చెక్క బదులు పేటియో (బయట కూర్చోడానికి చదును చేసిన చోటు) రాళ్లు వేయిస్తే, గోడలోని డ్యాంప్ ప్రూఫ్ కోర్సుకి (నేల చెమ్మ పైకెక్కకుండా ఆపే పొర) కనీసం 150 మిల్లీమీటర్లు కిందే ఉండేలా చూసుకోండి. లేదంటే గోడలు చెమ్మ పట్టేస్తాయి.

ముందు వైపు అయితే లెక్క వేరు. 2008 అక్టోబర్ నుంచి, 5 చదరపు మీటర్లకి మించి నీరు ఇంకని రాళ్లు పరిచి, వాననీటిని లాన్‌లోకో మొక్కల్లోకో మళ్లించకపోతే పర్మిషన్ తప్పనిసరి.

ఫ్లాట్లకి ఈ మినహాయింపులు వర్తించవు. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లు) అయితే విడిగా అనుమతి కావాల్సి రావచ్చు. కొత్త ఎస్టేట్లలో కొన్నిచోట్ల పర్మిషన్ లేకుండా కట్టుకునే ఈ హక్కులు ముందే తీసేస్తారు, మీ ఇంటి ప్లానింగ్ షరతులు ఒకసారి చదవండి. "పర్మిషన్ లేకుండా కట్టినా నాలుగేళ్లు గడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. 2024 ఏప్రిల్ 25 నుంచి పూర్తయిన పనులకి అది పదేళ్లు అయింది.