తోపుడుబండి ఇస్తానన్న మిత్రుడు

ప్రశ్న: ఆస్కార్ వైల్డ్ రాసిన ‘ది డివోటెడ్ ఫ్రెండ్’ కథను మా పాఠకుల బృందం ఈ నెల చదివింది. తోటమాలి హాన్స్ తన పూలూ పళ్లూ శ్రమా అన్నీ పిండిమర యజమాని హ్యూకు ధారపోసి, చివరకు అతని పని మీదే వెళ్లి ప్రాణం పోగొట్టుకుంటాడు. మాలో కొందరు హాన్స్‌ను మహాదాత అన్నారు. తక్కినవారు ‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అతని మంచితనం హద్దు దాటింది ఫలానా చోటని కథలో చూపించగలరా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కథ చదవనివారి కోసం ముందుగా రెండు మాటలు. వైల్డ్ 1888లో వెలువరించిన ‘ది హ్యాపీ ప్రిన్స్ అండ్ అదర్ టేల్స్’ అనే అయిదు కథల సంపుటిలో ఇది ఒకటి. హాన్స్ చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటూ పూలతోట మీద బతికే పేదవాడు. హ్యూ మరలో నూరు బస్తాల పిండి నిలవ ఉంటుంది. ఆరు పాడి ఆవులు, పెద్ద గొర్రెల మంద కూడా అతనికి ఉన్నాయి. ఆ తోట మీదుగా వెళ్లినప్పుడల్లా హ్యూ గోడ మీద నుంచి వంగి ఇన్ని పూలు కోసుకొని, పళ్ల కాలమైతే జేబులు నింపుకొని, నిజమైన స్నేహితులకు అన్నీ ఉమ్మడిగానే ఉండాలని చెప్పి వెళుతుంటాడు. చలికాలంలో తోట ఎండిపోయి హాన్స్ ఎండుపళ్లతో సరిపెట్టుకొని నిద్రపోయే రోజుల్లో మాత్రం అటువైపు తొంగి చూడడు; కష్టాల్లో ఉన్నవారి దగ్గరికి వెళ్లి విసిగించకూడదన్నది ఆయనగారి మర్యాద.

సామెత చెప్పినవారి మాటలో నిజం ఉంది గాని, ఆ సామెత ఇచ్చినది ఎంత అన్నదాన్నే చూస్తుంది. ఈ కథలో అంతకన్న ముఖ్యమైనది, ఇచ్చే క్షణంలో ఇచ్చేవాడి మనసులో ఏం జరుగుతోందన్నది. మీరడిగిన చోటు వసంతకాలపు సన్నివేశంలో ఉంది. చలికాలం గడవడానికి హాన్స్ ముందు తన కోటు వెండి గుండీలు, తరువాత వెండి గొలుసు, ఆ తరువాత పొగ తాగే గొట్టం, చివరికి తోపుడుబండి కూడా అమ్ముకున్నాడు. ఇప్పుడు పూచిన ప్రిమ్‌రోజ్ పూలను అంగడిలో అమ్మి ముందుగా బండిని విడిపించుకోవాలని అతని ఆశ. అది విన్న హ్యూ, తన దగ్గరున్న పాత బండిని ఇస్తానంటాడు. దానికి ఒక పక్క ఊడిపోయింది, చక్రపు ఆకులు కూడా సరిగ్గా లేవు. ఇంట్లో చెక్కపలక ఒకటి ఉంది, బాగు చేసుకుంటానని హాన్స్ సంబరపడతాడు. వెంటనే హ్యూకు తన కొట్టం పైకప్పుకు సరిగ్గా అలాంటి పలకే కావాలన్న సంగతి గుర్తుకొస్తుంది. బండి ఇస్తున్నాను కాబట్టి పలక ఇవ్వడం న్యాయమంటాడు. కప్పు బాగు చేశాక బండికి చెక్క మిగలదేమో, అది నా తప్పు కాదుగా అని కూడా అంటాడు. ఇంకా ఇవ్వని బండికి పలక ముట్టింది.

తరువాత హ్యూ ఒక పెద్ద బుట్ట చేతికిచ్చి, దాన్ని పూలతో నిండుగా నింపమంటాడు. ‘నిండుగానా?’ అని హాన్స్ దిగులుగా అడుగుతాడు. ఎందుకంటే బుట్ట నిజంగానే చాలా పెద్దది, అది నిండితే అంగడికి పువ్వు మిగలదు, గుండీలు ఇప్పట్లో ఇంటికి రావు. నష్టమెంతో హాన్స్‌కు అణా పైసలతో సహా తెలుసన్నమాట. అతను లెక్క రాని అమాయకుడని జాలిపడేవారు ఈ ఒక్క ప్రశ్నను దాటవేస్తున్నారు. అన్నీ తెలిసి కూడా అతను బుట్ట నింపేది, వెండి గుండీలకన్న నీకు నా మీద ఉన్న మంచి అభిప్రాయమే నాకు ఎక్కువ అని చెప్పి. నా దృష్టిలో గీత దాటినది ఇక్కడే. అప్పటి నుంచి హాన్స్ ఇస్తున్నది దానం కాదు, హ్యూ నోట మంచివాడనిపించుకోవడానికి కడుతున్న మూల్యం. ఆ మూల్యం ఎంతన్నది ప్రతిసారీ హ్యూయే నిర్ణయిస్తాడు.

ఆ తరువాత పిండి మూటను ఎండలో అంగడికి మోయడం, కొట్టం కప్పడం, గొర్రెలను కొండకు తోలడం వరుసగా వస్తాయి. నాకు పని ఉందని చెబితే స్నేహానికి తగని మాట అవుతుందేమోనని ఒకసారి హాన్స్ జంకుతూ హ్యూనే అడుగుతాడు. అడగడానికి లోకంలో అతనికి ఇంకెవరూ దొరకలేదు! స్నేహం గురించి హ్యూ చెప్పే తియ్యని మాటలను ఒక పుస్తకంలో రాసుకొని, రాత్రిళ్లు చదువుకోవడం కూడా మొదలుపెడతాడు. మొహమాటంతో కాదనలేకపోవడం మనలో చాలామందికి ఉన్న బలహీనతే. ఆ మొహమాటాన్ని సూక్తుల రూపంలో కంఠస్థం చేయడంలోనే హాన్స్ ప్రత్యేకత.

ఒక విషయంలో మాత్రం మీ బృందంతో ఏకీభవించలేను. హాన్స్ చనిపోయింది అతి మంచితనం వల్ల అనడం సరికాదు. తుఫాను రాత్రి హ్యూ వచ్చి, తన పిల్లవాడు నిచ్చెన మీద నుంచి పడి గాయపడ్డాడని, వైద్యుణ్ని పిలుచుకురమ్మని అడుగుతాడు. కథ మొత్తంలో న్యాయమైన కోరిక ఇదొక్కటే. గాయపడిన పిల్లవాడి కోసం శత్రువు అడిగినా వెళ్లవలసిందే. అప్పుడు హాన్స్, చీకట్లో గుంటలో పడిపోతానేమోనని భయపడి లాంతరు ఇమ్మంటాడు. అది కొత్త లాంతరనీ, దానికేమన్నా అయితే నష్టమనీ హ్యూ బదులిస్తాడు. సరేలే అని హాన్స్ చీకట్లో బయలుదేరి, మూడు గంటలు నడిచి వైద్యుణ్ని లేపుతాడు. వైద్యుడు తన లాంతరుతో గుర్రమెక్కి ముందుకు వెళ్లిపోతాడు. వెనుక నడిచి వస్తున్న హాన్స్ దారి తప్పి, లోతైన నీటిగుంటలో మునిగిపోతాడు. వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ లాంతరు లేనిదే కదలనని చెప్పగల గొంతు అతనికి ఆ పాటికే పోయింది. వసంతకాలంలో బుట్ట దగ్గర వదులుకున్నది అదే.

ప్రశ్న: సర్వం ఇచ్చి చెడినవారిని మనం నెత్తిన పెట్టుకుంటాం. వామనుడికి మూడడుగులు ఇచ్చిన బలిచక్రవర్తిని పొగిడి, హాన్స్‌ను తప్పుపట్టడం న్యాయమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: భాగవతం అష్టమస్కంధాన్ని మరోసారి తిరగేయండి. బలి ధార పోయబోయే ముందు శుక్రాచార్యుడు అడ్డుపడి, అడుగుతున్నవాడు విష్ణువని బయటపెడతాడు. బతుకుతెరువును దెబ్బతీసే దానాన్ని పెద్దలు మెచ్చరని చెబుతాడు. సంపదను ధర్మానికి, కీర్తికి, అర్థానికి, కామానికి, తనవారికి అని అయిదు భాగాలు చేసుకోవాలని లెక్క కూడా చూపిస్తాడు. ఆడిన మాట తప్పినా దోషం లేని సందర్భాలను ఏకరువు పెట్టి, తప్పించుకొనే దారి తెరిచి ఉంచుతాడు. బలి అదంతా విని, అడిగినవాడెవడో తెలిసి, పోయేదేమిటో తెలిసి, కాదనగల స్థితిలో ఉండి ఇచ్చాడు. హాన్స్‌కు పోయేదేమిటో తెలుసు గాని, అడిగేవాడెవడో తెలియదు, కాదనడమూ రాదు.

హాన్స్‌కు శుక్రుడు లేడు గాని ఇరుగుపొరుగులు ఉన్నారు. అంత ఉన్న హ్యూ ఇతనికి తిరిగి ఏమీ ఇవ్వడేమిటా అని వాళ్లు వింతపడ్డారని వైల్డ్ ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాడు. వింతపడినవారిలో ఒక్కరూ నోరు తెరిచి హాన్స్‌తో అనలేదు. మనమందరం హ్యూను తిడుతూ పుస్తకం మూసేస్తాం గాని, ఆ పొరుగువారి మీద నాకు కోపం ఎక్కువ.

అదే సంపుటిలోని ‘ది హ్యాపీ ప్రిన్స్’తో పోల్చుకొంటే మీకు మరింత పనికొస్తుంది. ఆ రాజకుమారుడి విగ్రహం తన కెంపును, నీలాలను, ఒంటి మీది బంగారు రేకులను నిజంగా అవసరమున్నవారికే పంపుతుంది. పాత్రత విషయంలో వంక పెట్టలేం. అయితే వాటిని మోసుకెళ్లేది ఈజిప్టుకు ప్రయాణం కట్టుకొన్న ఒక వానకోవిల. ఇంకొక్క రాత్రి ఉండమని రాజకుమారుడు దాన్ని పదే పదే బతిమాలుతాడు. చివరికి అది తన ఇష్టంతోనే ఉండిపోయి చలికి చనిపోతుంది. ఆ దానంలో ఒక భాగాన్ని తన ప్రాణంతో కట్టింది ఆ పక్షి. ఉదారంగా ఇచ్చేవారి ఇంట్లో ఆ ఖర్చు ఎవరి మీద పడుతోందన్నది దాతను పొగిడేవారు సాధారణంగా అడగరు.

ప్రశ్న: హాన్స్ కథను ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాలనుకుంటున్నాను. ఎవరికీ సాయం చేయకూడదన్న పాఠం నేర్చుకుంటారేమోనని భయంగా ఉంది. ముగింపు మార్చి చెప్పవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మార్చవద్దు. కుదించేటప్పుడు అందరికీ కత్తిరించాలనిపించే భాగం ఒకటుంది, దాన్ని కూడా ఉంచండి. ఈ కథను లిన్నెట్ అనే పిట్ట ఒక నీటి ఎలుకకు చెబుతుంది. అంత్యక్రియల్లో అందరికన్న ముందు నడిచి, బండి ఇచ్చినంత పని చేశాను, ఇప్పుడు దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదని వాపోయే హ్యూ మాటలతో పిట్ట కథ ముగిస్తే, నీటి ఎలుక అడిగేది హాన్స్ గురించి కాదు, ఆ తరువాత పిండిమర యజమాని ఏమయ్యాడని! పిల్లలు అక్కడ తప్పకుండా నవ్వుతారు.

మీ భయానికి విరుగుడు కూడా కథలోనే ఉంది. చలికాలంలో హ్యూ చిన్న కొడుకు, హాన్స్‌ను మనింటికి పిలుద్దాం, నా జావలో సగం ఇస్తాను, నా తెల్ల కుందేళ్లను చూపిస్తాను అంటాడు. తండ్రి వాణ్ని తెలివితక్కువవాడని కసిరి, వెచ్చని నిప్పును చూస్తే హాన్స్‌కు అసూయ పుడుతుందనీ, పిండి అరువు అడుగుతాడనీ భయపెడతాడు. నిచ్చెన మీద నుంచి పడింది వీడేనా అన్నది కథ స్పష్టంగా చెప్పదు, పిల్లలను ఊహించనివ్వండి. సాయం చేయకూడదని ఆ ఇంట్లో పాఠం చెప్పింది ఎవరో, సగం జావ ఇస్తానన్నది ఎవరో వాళ్లకే అర్థమవుతుంది. వీలైతే హాన్స్ లాంతరు అడిగిన చోట చదవడం ఆపి, హ్యూ జవాబు వినిపించకముందే, వాళ్లయితే ఏమనేవారో ఒక్కొక్కరి చేత నోట్‌బుక్కులో రెండు వాక్యాలు రాయించండి.