ఆ రోజు అన్నం సహించలేదు

ప్రశ్న: పిత్తాశయంలో రాళ్లకు ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేయించుకున్నాను. సర్జన్లు ముందు పందుల మీద నేర్చుకుంటారట. విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. అది తప్పదా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, నేనూ అలాగే నేర్చుకున్నాను. పంది కాలేయం, పిత్తాశయం చాలావరకు మనవాటిలాగే ఉంటాయి. పూర్తి మత్తులో ఉన్న ఆ జీవి రక్తనాళానికి క్లిప్ వేస్తుంటే నా చేతులు వణికాయి. అది మళ్లీ లేవలేదు. దేవరకొండలో మేకలు కాసిన మా నాయిన గుర్తొచ్చి ఆ రోజు అన్నం సహించలేదు. ఇప్పుడు నల్లగొండలో మా జూనియర్లకు ముందు సిమ్యులేటర్ (ఆపరేషన్ సాధనకు వాడే నమూనా యంత్రం) మీదే గంటలకొద్దీ సాధన చేయిస్తున్నాను.

జంతువు అన్నిటికీ జవాబు చెప్పదు కూడా. అల్సర్ల వెనుక ఉన్న బ్యాక్టీరియాను పందిపిల్లలకు సోకించలేక, 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్ దాన్ని తానే తాగారు. కడుపులో వాపు వచ్చింది. 2005లో ఆయనకు, ఆయన సహ పరిశోధకుడు రాబిన్ వారెన్‌కు నోబెల్ ఇచ్చారు.